చర్మాన్ని రెచ్చగొట్టకుండా కాపాడుకోవడం: కొరియా పదార్థాలు, వాటి వెనుక ఆలోచన

ఈ సభకు వచ్చిన ఫార్మసీ విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లులకు, నా తోటి అధ్యాపకులకు నమస్కారం. కొరియా చర్మ సంరక్షణలో వాడే పదార్థాల గురించి చెప్పమని నిర్వాహకులు నన్ను అడిగారు. తప్పక చెబుతాను. అయితే నత్త జిగురు, జిన్సెంగ్ వేరు, సెంటెల్లా ఆకు అంటూ పేర్లు ఎన్ని నేర్చుకున్నా, వాటన్నిటినీ కలిపి ఉంచే ఆలోచన తెలియకపోతే మనకు ఖర్చు తప్ప మరేమీ మిగలదు. ఆ ఆలోచన ఒక్కటే: చర్మపు పై పొరను చెడగొట్టకూడదు, దానికి అనవసరంగా మంట పుట్టించకూడదు, ఆ తరువాతే మరే మందైనా, మరే మెరుగైనా. మన చర్మపు రంగు కారణంగా ఈ జాగ్రత్త కొరియన్లకంటె మనకే ఎక్కువ అవసరమని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ముందుగా ఆ పై పొర సంగతి చూద్దాం. స్ట్రాటమ్ కార్నియమ్ అని పిలిచే ఈ పొర ముఖం మీద మిల్లీమీటరులో నూరో వంతు నుంచి యాభయ్యో వంతు మందం మాత్రమే ఉంటుంది. ఇటుకల్లాగా పేర్చిన నిర్జీవ కణాలు, వాటి మధ్య అడుసులాగా పట్టి ఉంచే కొవ్వులు కలిసి ఒక గోడగా నిలుస్తాయని శాస్త్రవేత్తలు చెప్పిన పోలికను మీరు పాఠాల్లో చదివే ఉంటారు. ఆ కొవ్వుల్లో దాదాపు సగం సెరమైడ్లు, పావు వంతు కొలెస్టరాల్, మిగిలినదానిలో ఎక్కువ భాగం కొవ్వు ఆమ్లాలు. ఈ పొర ఉపరితలం స్వల్పంగా ఆమ్ల గుణంతో, పీహెచ్ సుమారు 4.5 నుంచి 5.5 మధ్య ఉంటుంది. సెరమైడ్లను తయారుచేసే ఎంజైములు సక్రమంగా పనిచేయడానికి ఆ ఆమ్ల గుణమే కావాలి. మనం ముఖానికి రుద్దే మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది. రోజుకు మూడు నాలుగుసార్లు సబ్బుతో ముఖం కడిగి, చర్మం బిగుసుకుపోవడాన్ని శుభ్రతగా భావించేవారు మన ఇళ్లలో ఇప్పటికీ ఉన్నారు. ఆ బిగుతు శుభ్రతకు గుర్తు కాదు. కొవ్వు కొట్టుకుపోయిందనడానికి గుర్తు. కొరియాలో ముఖం కడిగే జెల్ సీసాల మీద స్వల్ప ఆమ్ల గుణం కలదని పెద్ద అక్షరాలతో అచ్చువేసేది ఇందుకే, ఆ మాటను చూసి కొనేవారు అక్కడ చాలామంది ఉన్నారు కాబట్టే.

అక్కడి వాతావరణం కూడా ఈ అలవాటుకు ఒక కారణం. సియోల్‌లో చలికాలం సైబీరియా వైపు నుంచి వచ్చే పొడి గాలులతో గడుస్తుంది. ఇంట్లో నేల కింద నుంచి వేడి చేసే ఓండోల్ పద్ధతి గదిలోని గాలిని మరింత పొడిగా చేస్తుంది. అందువల్ల నీటిని పట్టి ఉంచే పలుచని ద్రవాలను ఒకదాని మీద ఒకటి రాసి, చివర క్రీముతో మూసే అలవాటు అక్కడ స్థిరపడింది. విజయవాడలోనో విశాఖలోనో మే నెల ఉక్కలో ఉండేవారు అదే వరుసను అలాగే పాటించడానికి ఏ కారణమూ లేదు. పొరల సంఖ్యను అక్కడి శీతాకాలం నిర్ణయించింది. పై పొరను కాపాడాలన్న సూత్రం మాత్రం ఏ ఊళ్లోనైనా నిలుస్తుంది.

ఇప్పుడు మన చర్మం రంగు విషయానికి వస్తాను. రంగును తయారుచేసే మెలనోసైట్ కణాల సంఖ్య తెల్లవారిలోనైనా, మనలోనైనా దాదాపు సమానమే. అవి తయారుచేసే మెలనిన్ అనే రంగు పదార్థం ఎంత, అది చుట్టుపక్కల కణాలకు ఎలా చేరుతుంది అన్నదానిలోనే తేడా ఉంటుంది. గోధుమ రంగు, చామనచాయ, నలుపు చర్మాల్లో ఈ కణాలు చురుకుగా ఉంటాయి. మొటిమ లేచినా, దోమ కుట్టినా, బ్లీచ్ పడక ఎర్రబడినా, ఆ వాపు నుంచి వెలువడే రసాయన సంకేతాలు మెలనోసైట్లను రెచ్చగొడతాయి. మొటిమ వారంలో తగ్గిపోయినా దాని మచ్చ నెలల తరబడి నిలిచిపోతుంది. మెలనిన్ చర్మపు లోపలి పొరలోకి జారితే ఆ మచ్చ బూడిద నీలం రంగులో ఏళ్లపాటు ఉండవచ్చు. తెల్లని చర్మంలో కొద్ది రోజుల ఎర్రదనంగా పోయేది మన చర్మంలో చాలాకాలం కనిపించే నల్లదనంగా మారుతుంది. కాబట్టి మంట పుట్టించే ప్రతి పనికీ మనం ఎక్కువ మూల్యం చెల్లిస్తాం. పీహెచ్ సుమారు 2 ఉండే నిమ్మరసాన్ని ముఖానికి రాయడం, వంటసోడాతో తోమడం, గరుకు స్క్రబ్‌తో రుద్దడం, మచ్చ పోవాలని ఘాటైన ఆమ్లాలను రోజూ వాడటం, ఇవన్నీ మచ్చను పోగొట్టాలన్న కోరికతో మొదలై కొత్త మచ్చను తెచ్చిపెడతాయి. కొరియా పద్ధతి నుంచి ఒక్క విషయమే తీసుకోవడానికి వీలుంటే, నేను ఈ నిదానాన్నే తీసుకుంటాను.

సంప్రదాయం గురించి కూడా కొంత చెప్పవలసి ఉంది, ఎందుకంటే కొరియా ప్రకటనల్లో జోసన్ రాజవంశం ప్రస్తావన తరచుగా వస్తుంది. రాజవైద్యుడు హొ జున్ కూర్చగా 1613లో అచ్చయిన ‘దోంగ్‌ఇ బోగమ్’ వైద్య గ్రంథాన్ని 2009లో యునెస్కో ప్రపంచ స్మృతి జాబితాలో చేర్చింది. 1809లో బింగ్‌హొగక్ యీ అనే విదుషి ఇంటి స్త్రీల కోసం రాసిన విజ్ఞాన సర్వస్వంలో అలంకరణ విషయాలు కూడా ఉన్నాయి. అక్కడి స్త్రీలు పెసల వంటి గింజలు విసిరిన పిండితో ముఖం కడుక్కునేవారు, బియ్యం కడిగిన నీళ్లు వాడేవారు, తలకు కమేలియా గింజల నూనె రాసుకునేవారు. పెసరపిండి, సెనగపిండి కలిపిన సున్నిపిండితో నలుగు పెట్టుకుని పెరిగిన మనకు ఇది ఎంతో పరిచితమైన విషయం. రెండు దూర దేశాల స్త్రీలు చేతికి అందే గింజల్లో ఒకే గుణాన్ని గుర్తించారు. అయితే సంప్రదాయంలో ఉన్నదంతా మేలైనదని అనుకోకూడదు. 18వ శతాబ్దపు రాకుమారి హ్వాహ్యొప్ సమాధిలో దొరికిన చిన్న చిన్న పింగాణీ పాత్రల్లోని అలంకరణ వస్తువులను పరీక్షిస్తే తెల్లని పొడిలో సీసం, ఎర్రని పొడిలో పాదరస ఖనిజం కనిపించాయి. 1910ల మధ్యలో మొదలై కొరియా అంతటా అమ్ముడైన ‘పాక్‌గాబున్’ అనే ముఖపు పొడిలోనూ సీసం ఉండేది; దాని విషప్రభావం బయటపడి, చివరికి 1937లో ఆ పొడి అంగళ్ల నుంచి తొలగిపోయింది. రాజభవనం పేరు పెట్టెమీద ఉన్నంత మాత్రాన లోపలి వస్తువు చర్మానికి హితం కాదు.

నేటి పరిశ్రమ దీనికి భిన్నమైన పునాది మీద నిలబడింది. కేసంగ్ పట్టణంలో కమేలియా నూనె అమ్మిన తల్లి దగ్గర పని నేర్చుకున్న సొ సంగ్‌హ్వాన్ 1945లో స్థాపించిన సంస్థే నేటి అమోర్‌పసిఫిక్. ఆ సంస్థ 1966లోనే జిన్సెంగ్ క్రీము తయారుచేసింది. కానీ నా దృష్టిలో అంతకన్నా ముఖ్యమైనది చట్టం. 1999లో కొరియా సౌందర్య సాధనాలకు ప్రత్యేక చట్టం చేసి, ముడతలు తగ్గించేవి, రంగు మచ్చలపై పనిచేసేవి, ఎండ నుంచి కాపాడేవి అనే వర్గాలను ‘క్రియాత్మక సాధనాలు’గా గుర్తించింది. ఆ మాట పెట్టెమీద రాయాలంటే ప్రభుత్వం గుర్తించిన పదార్థం, గుర్తించిన మోతాదులో ఉండాలి, లేదా పరీక్షల ఆధారం చూపాలి. ఉదాహరణకు మచ్చలకు నియాసినమైడ్ 2 నుంచి 5 శాతం, ముడతలకు అడెనోసిన్ 0.04 శాతం. 2008 నుంచి పదార్థాలన్నిటినీ పెట్టెమీద ముద్రించడం తప్పనిసరి అయింది. ఆ తరువాత 2011లో, ఇళ్లలో గాలికి తేమనిచ్చే యంత్రాల నీటిలో కలిపే క్రిమినాశక ద్రవాలు ఊపిరితిత్తులను నాశనం చేశాయని తేలింది. వందల మంది ప్రాణాలు పోయాయి, వారిలో పసిపిల్లలు, బాలింతలు ఉన్నారు. రోజూ వాడే వస్తువులో ఏమి కలుపుతున్నారో తెలుసుకోవాలన్న పట్టుదల ఆ విషాదంతో అక్కడి ప్రజల్లో ఎంతో పెరిగింది. 2013లో వచ్చిన ‘హ్వాహే’ అనే యాప్‌లో సీసా పేరు కొడితే పదార్థాలన్నీ, వాటి మీద ఉన్న హెచ్చరికలతో సహా కనిపిస్తాయి. ఘాటు తక్కువగా, సువాసనలు లేకుండా తయారుచేసే అలవాటు కంపెనీల దయవల్ల రాలేదు. చదివి కొనే ప్రజలు దాన్ని తెప్పించారు.

విద్యార్థులు ఇక్కడ ఒక మెళకువ నేర్చుకోవాలి. పదార్థాల జాబితాను ఎక్కువ పరిమాణం నుంచి తక్కువ పరిమాణానికి వరుసగా రాస్తారు, కానీ 1 శాతానికి మించనివాటిని ఏ వరుసలోనైనా రాయవచ్చు. ఫినాక్సీఇథనాల్ అనే నిల్వ పదార్థం 1 శాతానికి మించి వాడటానికి చట్టం ఒప్పుకోదు కాబట్టి, జాబితాలో దాని తరువాత కనిపించేవన్నీ 1 శాతానికి లోపే ఉన్నాయని అర్థం చేసుకోవచ్చు. పెట్టె ముందు భాగంలో పెద్ద బొమ్మ వేసిన మొక్క సారం ఫినాక్సీఇథనాల్ తరువాత ఎక్కడో ఉంటే, మీరు ఆ బొమ్మకు డబ్బు చెల్లిస్తున్నారు. అలాగని చివరన ఉన్నవన్నీ వ్యర్థం కావు. అడెనోసిన్ 0.04 శాతంలోనే పనిచేస్తుందని చట్టమే ఒప్పుకుంది, అది ఎప్పుడూ చివరనే కనిపిస్తుంది. కాబట్టి స్థానాన్ని ఆ పదార్థం పనిచేసే మోతాదుతో కలిపి చదవాలి. దీనికి ఎదురుగా మరొక చిక్కు ఉంది. నత్త స్రావం 96 శాతం, సెంటెల్లా సారం 77 శాతం వంటి అంకెలు చూసి చాలామంది ఆశ్చర్యపోతారు. మొక్కను నీటిలో నానబెట్టి వడకట్టిన సారంలో అధికభాగం నీరే ఉంటుంది. ఎంత ఆకు నుంచి ఎంత సారం తీశారో చెప్పనంతవరకు ఆ శాతానికి పెద్ద అర్థం లేదు.

సెంటెల్లా గురించి కొంచెం విస్తారంగా చెబుతాను. చెరువు గట్ల మీద, తడి నేలల్లో పాకుతూ, గుండ్రని ఆకులతో పెరిగే ఈ మొక్కను మనం మండూకపర్ణి అని, సరస్వతి ఆకు అని పిలుస్తాం. పిల్లల జ్ఞాపకశక్తి పెరగాలని ఆ ఆకు తినిపించే ఇళ్లు ఇప్పటికీ ఉన్నాయి. ఇందులో ఏషియాటికోసైడ్, మడెకాసోసైడ్, ఏషియాటిక్ ఆమ్లం, మడెకాసిక్ ఆమ్లం అనే నాలుగు ముఖ్యమైన పదార్థాలు ఉంటాయి. ఇవి గాయం మానే సమయంలో కొలాజెన్ ఏర్పడటానికి తోడ్పడతాయి, వాపును తగ్గిస్తాయి. మడగాస్కర్ దీవిలోని మొక్క మీద ఫ్రెంచి వారు చేసిన పరిశోధన నుంచి పుట్టిన గాయాల మందు కొరియాలో దశాబ్దాలుగా ఇంటింటా ఉంది. ఆ మందు మీది నమ్మకమే తరువాత ముఖపు క్రీముల్లోకి ప్రవేశించి, సికా క్రీములుగా ప్రపంచమంతా వ్యాపించింది. ఇక్కడ గమనించవలసినది ప్రామాణికత. మందులకు వాడే శుద్ధి చేసిన సారంలో ఏషియాటికోసైడ్ సుమారు 40 శాతం, మిగిలిన 60 శాతం ఆ రెండు ఆమ్లాలు ఉండేలా కొలుస్తారు. పెరట్లో కోసిన ఆకులో ఎంత ఉంటుందో నేలను బట్టి, కాలాన్ని బట్టి మారుతుంది. ఆకు నూరి ముఖానికి పట్టిస్తే ఆ క్రీము చేసే పని చేస్తుందని ఎవరైనా చెబితే నేను ఒప్పుకోను. అయినా మన చెరువు గట్టు మీది మొక్క విలువను కొలిచి, శుద్ధి చేసి, సీసాలో నింపి మనకే అమ్ముతున్నారన్న విషయం మన ఫార్మసీ విద్యార్థులను ఆలోచింపజేయాలి. ఆ కొలత పని మన కళాశాలల్లోనూ జరగవచ్చు.

కొరియాలో విరివిగా వాడే మరొక ఆకు ‘స్సుక్’. వారి పురాణ కథలో ఒక ఎలుగుబంటి వెల్లుల్లి, స్సుక్ మాత్రమే తింటూ చీకటి గుహలో ఉండి స్త్రీ రూపం పొంది, కొరియా మొదటి రాజు దంగున్‌కు తల్లి అయింది. వినాయక చవితి నాడు ఏకవింశతి పత్ర పూజలో మనం మొదటగా సమర్పించే మాచీపత్రం కూడా స్సుక్ లాగే ఆర్టెమిసియా ప్రజాతిలోని మొక్కే. స్సుక్‌ను ఎర్రబడిన చర్మానికి ఊరటనిస్తుందని వాడతారు, కానీ సెంటెల్లాకు ఉన్నంత పరిశోధన దీని వెనుక లేదు. పైగా చామంతి జాతి మొక్కలు పడనివారికి ఇదీ పడకపోవచ్చు. జిన్సెంగ్‌లోని జిన్సెనోసైడ్లు ఆక్సీకరణను అడ్డుకుంటాయి, ఖరీదైన క్రీముల్లో అవే ఉంటాయి. పులియబెట్టిన బియ్యం, ఈస్ట్ సారాలు చర్మానికి తేమను, నునుపును ఇస్తాయి. నత్త స్రావంలో గ్లైకోప్రొటీన్లు, అల్లంటోయిన్, హైలురోనిక్ ఆమ్లం వంటివి ఉంటాయి. అది మంచి తేమ పదార్థం, అంతకు మించి అద్భుతం కాదు. జంతు పదార్థం వద్దనుకునే కుటుంబాలు దాన్ని వదిలేసినందువల్ల ఏ నష్టమూ లేదు. గ్లిజరిన్, పాంథినాల్, సెరమైడ్లు ఉన్న సాదా క్రీము ఆ పని చాలావరకు చేస్తుంది.

ఈ పదార్థాలన్నిటిలో మన చర్మానికి ఎక్కువ ఉపయోగపడేది నియాసినమైడ్ అని నా అభిప్రాయం. ఇది బి3 విటమిన్‌కు ఒక రూపం. మెలనిన్ సంచులు మెలనోసైట్ నుంచి పక్క కణాలకు చేరడాన్ని ఇది తగ్గిస్తుంది, సెరమైడ్ల తయారీని పెంచుతుంది. అంటే మచ్చ మీద పనిచేస్తూనే గోడను కూడా బాగుచేస్తుంది. అయితే ఇప్పుడు అంగళ్లలో 10 శాతం, 15 శాతం అంటూ పోటీ మొదలైంది. కొరియా చట్టం గుర్తించినది 2 నుంచి 5 శాతమే. అంతకు మించి వాడినప్పుడు కొందరికి మంట, ఎరుపు వస్తాయి. ఆ ఎరుపు మన చర్మంలో మళ్లీ మచ్చగా మారుతుంది. ఫలితం కనిపించడానికి కనీసం రెండు మూడు నెలలు ఓపిక పట్టాలి.

ఇక్కడ నాకు బాధ కలిగించే విషయాన్ని కూడా సూటిగా చెప్పాలి. కొరియా చట్టంలోని మచ్చలకు సంబంధించిన వర్గం పేరు తెల్లదనం మీదే నిలిచింది. తెల్లని చర్మాన్ని గౌరవించే పాత ఆదర్శం ఆ దేశంలో బలంగా ఉంది. మన దేశంలోనూ దశాబ్దాలపాటు తెలుపు క్రీములు అమ్ముడుపోయాయి, 2020లో వాటిలో అతి పెద్దదాని పేరు మారినా ఆ కోరిక మారలేదు. గాజులాంటి చర్మం అన్న మాటతో అదే కోరిక కొత్త దుస్తులు తొడుక్కుని వస్తోంది. మచ్చను తగ్గించుకోవడం వేరు, పుట్టుకతో వచ్చిన రంగును మార్చుకోవాలనుకోవడం వేరు. మొదటిది వైద్యం, రెండవదానికి ఏ సీసాలోనూ సురక్షితమైన పదార్థం లేదు. ఈ గదిలో ఉన్న ఆడపిల్లలకు వారి తల్లుల ఎదుటే ఈ మాట చెప్పగలుగుతున్నందుకు నాకు సంతోషంగా ఉంది.

కొరియా పద్ధతి అనగానే వినిపించే పది మెట్ల వరుస గురించి ఎక్కువ చెప్పను. ఆ అంకె అమెరికా మార్కెట్లో ప్రాచుర్యం పొందినంతగా కొరియా ఇళ్లలో ఆచరణలో లేదు. అక్కడే ఇటీవలి సంవత్సరాల్లో మెట్లను తగ్గించుకునే ధోరణి వచ్చింది. మనకు సాయంత్రం ముఖం మీది సన్‌స్క్రీన్, దుమ్ము పోయేలా మృదువైన జెల్‌తో కడగడం, తడి పూర్తిగా ఆరకముందే తేలికపాటి క్రీము రాయడం, పగలు సన్‌స్క్రీన్, అవసరమైతే నియాసినమైడ్ సీరమ్ చాలు. కోస్తా ఉక్కలో జెల్ రూపంలోని క్రీము, తెలంగాణ పొడి చలిలో కొంచెం చిక్కటి క్రీము. షీట్ మాస్క్ వాడేవారు ఇరవై నిమిషాలకు మించి ఉంచుకోకూడదు. అది ముఖం మీదే ఎండిపోతే మీరు రాసిన తేమ కూడా దానితో పోతుంది. కొత్త వస్తువును దవడ కింద, చెవి వెనుక కొద్ది రోజులు పరీక్షించి తరువాతే ముఖానికి రాయాలి, ఒకేసారి రెండు కొత్తవి మొదలుపెట్టకూడదు.

సన్‌స్క్రీన్ విషయంలో కొరియా తయారీదారులు సాధించినది మెచ్చుకోదగినది. జిడ్డు లేకుండా, పూసిన సంగతి తెలియనంత తేలికగా చేశారు. కానీ రెండు జాగ్రత్తలు ఉన్నాయి. 2020 డిసెంబరులో ఎస్‌పీఎఫ్ (ఎండ నుంచి ఇచ్చే రక్షణను తెలిపే అంకె) 50కి పైగా అని రాసి ఉన్న ఒక కొరియా సన్‌స్క్రీన్‌ను యూరప్ ప్రయోగశాలల్లో పరీక్షిస్తే 20 కూడా దాటలేదు. సంస్థ దాన్ని అమ్మకం నుంచి తీసివేసింది, తరువాత మరికొన్ని బ్రాండ్లూ అదే బాట పట్టవలసి వచ్చింది. ఎస్‌పీఎఫ్ అంకె చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాసి కొలిచినది. మనం సాధారణంగా అందులో సగం కూడా రాయం. చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా పిండితే ముఖానికీ మెడకూ కావలసినంత వస్తుంది. రెండవది మంగు ఉన్నవారికి. మన చర్మంలో కంటికి కనిపించే వెలుతురు కూడా మెలనిన్‌ను పెంచుతుంది. దానిని రంగులేని సన్‌స్క్రీన్ ఆపలేదు. ఐరన్ ఆక్సైడ్ కలిసి, చర్మపు రంగు ఛాయలో ఉండే సన్‌స్క్రీన్ వాడితేనే మంగుకు కొంత రక్షణ. కొరియా సన్‌స్క్రీన్లలో ఎక్కువ భాగం రంగులేనివి లేదా ముఖాన్ని తెల్లగా చూపించేవి; ఇక్కడ మన చర్మానికి తగినది మనం వేరేగా వెతుక్కోవాలి.

కొనేటప్పుడు ఒక విషయం చూడండి. 2020 సౌందర్య సాధనాల నిబంధనల ప్రకారం దిగుమతి అయిన వస్తువు మీద రిజిస్ట్రేషన్ నంబరు, దిగుమతిదారు పేరు, చిరునామా ఉండాలి. అవి లేని కొరియా సీసా చవకగా దొరికితే కొనకండి. అంతకంటె ముఖ్యంగా, పది రోజుల్లో ముఖం మెరిసిపోయేలా చేసే పేరులేని క్రీములను, మందుల షాపులో చీటీ లేకుండా ఇచ్చే క్రీములను అనుమానించండి. వాటిలో తరచుగా స్టెరాయిడ్ ఉంటుంది. 2018లో ఇలాంటి స్టెరాయిడ్ పూతమందులను కేంద్రం షెడ్యూల్ హెచ్, అంటే వైద్యుడి చీటీ మీదే అమ్మవలసిన మందుల జాబితా, కిందికి తెచ్చినా అమ్మకాలు ఆగలేదు. నెలల తరబడి వాడినవారికి చర్మం పలచబడి, ఎండ తగిలితే మండుతుంది, మొటిమలు, సన్నని ఎర్ర నరాలు కనిపిస్తాయి. అలాంటివారు ఈ సభ విని ఉత్సాహంతో రేపే ఆపేసి సెంటెల్లా క్రీము మొదలుపెట్టవద్దని కోరుతున్నాను. ఒక్కసారిగా ఆపితే ముఖం ఎర్రబడి తీవ్రంగా తిరగబెడుతుంది. ముందు చర్మ వైద్యుణ్ణి కలిసి, మోతాదును ఎలా తగ్గించుకోవాలో అడిగి తెలుసుకోండి. ఇక మీ ప్రశ్నలు తీసుకుంటాను.